మధ్యలో వెలుగు, మూలల్లో చీకటి: కెమెరా లెన్స్‌తో ప్రొజెక్షన్ చేసేవారికి

పాత కెమెరా లెన్స్ బిగించి గోడల మీద స్లైడ్ బొమ్మలు వేసేవారు ఎక్కువగా అడిగేది ఒకటే: బొమ్మ మసకగా ఉంది, ఇంకా పెద్ద బల్బు వేయాలా? బల్బు జోలికి వెళ్ళకండి. ముందు లెన్స్ విప్పి కిటికీ వైపు పట్టి లోపలికి చూడండి. ఈ ఒక్క పని మాత్రం ఎవరూ చేయరు.

బొమ్మ మొత్తం మసక
కాంతి వెళ్ళే రంధ్రాన్ని పెద్దదీ చిన్నదీ చేసే లెన్స్ లోపలి రేకులు మూసుకున్నాయి. నికాన్ జి రకం లెన్స్‌లకు ఎపర్చర్ రింగు, అంటే ఆ రంధ్రాన్ని చేత్తో తిప్పి మార్చే చక్రం, ఉండదు. కెమెరా నుంచి విప్పగానే స్ప్రింగు రేకులను మూసేస్తుంది. పూర్తిగా తెరిచిన ఎఫ్/1.8 నుంచి మూసిన ఎఫ్/16కు వచ్చిందంటే రంధ్రం వైశాల్యం దాదాపు 80వ వంతే మిగులుతుంది. వెనక ఉన్న చిన్న మీటను తెరిచి, కాగితం మడతతో బిగించండి.

ఎంత తిప్పినా ఫోకస్ కుదరదు
ప్రొజెక్టర్ డబ్బా కొలత తప్పింది. మౌంటు (లెన్స్ బిగించే వలయం) నుంచి స్లైడ్‌కు నికాన్ ఎఫ్ అయితే 46.5 మి.మీ., కానన్ ఈఎఫ్ అయితే 44. అక్కడ 60 ఉంచి 50 మి.మీ. (ఫోకల్ దూరం) లెన్స్ పెడితే బొమ్మ జానెడు దూరంలోనే స్పష్టపడుతుంది, గోడ దాకా రాదు.

మధ్యలో వెలుగు, మూలల్లో చీకటి
రేకులు తెరిచే ఉన్నాయి, ఫోకసూ బాగుంది. 50 మి.మీ. లెన్స్‌తో అంచుల దాకా వెలిగిన బొమ్మ 85 మి.మీ. లెన్స్ పెట్టగానే మూలల్లో నల్లబడింది. అందరూ కొత్త లెన్స్‌నే తిడతారు. తప్పు కండెన్సర్‌ది. స్లైడ్ వెనక ఉన్న ఆ మందపాటి కటకం స్లైడ్‌ను వెలిగిస్తే చాలదు, స్లైడ్ దాటిన కాంతినంతా ఒకచోటికి కూర్చి లెన్స్‌లోంచి పంపాలి. గోడ 3 మీటర్ల దూరంలో ఉంటే 50 మి.మీ. లెన్స్ స్లైడ్‌కు సుమారు 51 మి.మీ. దూరంలో ఉంటుంది, 85 అయితే సుమారు 87. మీరు లెన్స్ జరిపారు గానీ కాంతి ఇంకా 51 దగ్గరే కూడి, ఆ తరువాత విచ్చుకుపోతోంది. మూలల నుంచి వచ్చిన కిరణాలు లెన్స్ గొట్టానికి తగిలి అక్కడే ఆగిపోతాయి. పెద్ద బల్బు వేస్తే మధ్యభాగం ఇంకా మెరుస్తుంది, అంతే.

స్లైడ్, లెన్స్ రెండూ తీసి, లెన్స్ ఉండే చోట తెల్ల కాగితం పట్టి ముందుకూ వెనక్కూ జరపండి. వెలుగు మచ్చ అతి చిన్నదయ్యే చోటు లెన్స్ రేకుల దగ్గర పడాలి. ఆ చోటు ఇంకా ముందుకు వెళ్ళాలంటే బల్బును కండెన్సర్‌కు దగ్గర చేయండి, వెనక్కి రావాలంటే దూరం చేయండి. మిల్లీమీటరు చొప్పున మాత్రమే. హాలోజన్ బల్బయితే చల్లారాక ముట్టుకోండి. అప్పటికీ చాలకపోతే ఫోకల్ దూరం ఎక్కువున్న కండెన్సర్ వేయాలి.

మిగతావి
లెన్స్‌లో బూజు ఉంటే బొమ్మ వెలిసిపోతుంది, మూలలు నల్లబడవు. తలకిందులుగా పడితే స్లైడ్ తిప్పండి. పెట్టిన కాసేపటికి ఫోకస్ జారితే ఫిల్మ్ వేడికి ఉబ్బింది, వేడిని ఆపే గాజు పెట్టండి.