చలికాలంలో ఈ-బైక్: బయటి నుంచి రాగానే ఛార్జింగ్ పెట్టకండి

2023 డిసెంబర్ 31న టొరంటోలో, షెపర్డ్-యంగ్ స్టేషన్‌లో సబ్‌వే రైల్లోనే ఒక ఈ-బైక్ బ్యాటరీ అంటుకుంది. ఆ తరువాతి చలికాలంలో, 2025 ఏప్రిల్ 15 దాకా, లిథియం బ్యాటరీ ఉన్న ఈ-బైకుల్ని టొరంటో రవాణా సంస్థ టీటీసీ తన బస్సుల్లో, రైళ్లలో ఎక్కనివ్వలేదు. నిషేధం చలికాలానికే పెట్టడంలో అర్థముంది. మంచు, రోడ్డు మీద చల్లే ఉప్పు, గడ్డకట్టే చలి మూడూ కలిసి బ్యాటరీని దెబ్బతీస్తాయి. డెలివరీ కోసం ఈ-బైక్ తొక్కుతూ స్కార్‌బరో, బ్రాంప్టన్ బేస్‌మెంట్లలో నలుగురైదుగురు కలిసి ఉంటున్న మన పిల్లల కోసం ఇది రాస్తున్నాం. హెల్మెట్, జాకెట్ సంగతి మీకు తెలిసిందే, వదిలేస్తాం.

అసలు తప్పు ఒకటుంది. మైనస్ 12లో ఆరేడు గంటలు తిరిగి, రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి, పొద్దున్నే మళ్లీ వెళ్లాలి కదా అని బ్యాటరీని అప్పటికప్పుడే ఛార్జింగ్‌కి పెట్టి పడుకోవడం. హైదరాబాద్‌లో బండి ఆపగానే ప్లగ్ పెట్టేసిన అలవాటు ఇక్కడా కొనసాగుతోంది.

బ్యాటరీ లోపలి లిథియం సెల్స్‌ని 0 నుంచి 45 డిగ్రీల మధ్యే ఛార్జ్ చేయాలని తయారీదార్లు రాస్తారు. వాడుకోవడానికి మైనస్ 20 దాకా పరవాలేదంటారు. బండి చలిలో నడిచింది కాబట్టి ఛార్జింగ్ కూడా ఎక్కుతుందనుకోవడం ఇక్కడే మొదలవుతుంది. సున్నా కన్నా చల్లగా ఉన్న సెల్‌లోకి కరెంటు పంపితే లిథియం లోపలి గ్రాఫైట్‌లోకి సరిగా ఇంకదు, పైనే లోహంలా పేరుకుంటుంది. పేరుకున్నదాంట్లో కొంత భాగం మళ్లీ వెనక్కి రాదు. అందులోంచి సూదుల్లాంటివి పెరిగి, రెండు ధ్రువాల మధ్య ఉన్న పలుచని పొరను పొడిచాయంటే సెల్ లోపలే షార్ట్ అవుతుంది. ఒక సెల్ వేడి పక్క సెల్‌ని అంటిస్తుంది. ఆ తరువాత ఆపడం మీ చేతుల్లో ఉండదు.

ప్రమాదం ఏమిటంటే, పెట్టిన రాత్రే ఏమీ జరగకపోవచ్చు. పది రాత్రులు ఏమీ జరగదు. 'రోజూ పెడుతున్నా, బాగానే ఉంది' అన్న ధైర్యం వస్తుంది. లోపల దెబ్బ మాత్రం రోజురోజుకీ పెరుగుతూనే ఉంటుంది, బయటికి కనపడదు. బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) చూసుకుంటుందిలే అనకండి. చాలా చవక ప్యాకుల్లో చలికి ఛార్జింగ్ ఆపే ఏర్పాటే ఉండదు. ఉన్నవాటిలో కూడా సెన్సర్ ఒకటో రెండో చోట్లే ఉంటుంది, మిగతా సెల్స్ ఎంత చల్లగా ఉన్నాయో దానికి తెలియదు.

కాబట్టి ఇంటికి రాగానే బ్యాటరీ తీసి, తడి తుడిచి, గచ్చు మీద పెట్టి మూడు గంటలు వదిలేయండి. బండిని బాగా చలిలో ఉంచి ఉంటే నాలుగు. మూడు నాలుగు కిలోల ప్యాక్ అది. అరగంటకి పైతొడుగు వెచ్చబడుతుంది, నడిమి సెల్స్ అలాగే ఉంటాయి. చేత్తో తాకి నిర్ణయించకండి. వెచ్చటి గదిలోకి రాగానే కళ్లజోడు మీద పట్టినట్టే బ్యాటరీ పిన్నుల మీద కూడా నీటి ఆవిరి పడుతుంది, అది ఆరాలి. హీటర్ పక్కన పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ కొట్టొద్దు.

మరి పొద్దున షిఫ్ట్? రాత్రంతా గదిలో ఉంచి, లేచాక పెట్టండి. 15 యాంపియర్-అవర్ బ్యాటరీకి 3 యాంపియర్ల ఛార్జర్‌తో సున్నా నుంచి నిండటానికి అయిదు గంటల పైనే పడుతుంది. సగం మిగిల్చి ఇంటికొస్తే రెండున్నర, మూడు గంటల్లో అయిపోతుంది. మీరు మెలకువగా ఉన్నప్పుడే ఛార్జింగ్ నడుస్తుంది కూడా. రోజంతా తిరిగేవాళ్లకి రెండో బ్యాటరీ ఖర్చు దండగ కాదు.

దూరం లెక్క మార్చుకోండి. వేసవిలో 50 కిలోమీటర్లు వచ్చే బండి మైనస్ 10లో 30, 35 ఇస్తే అదే ఎక్కువ అనుకోండి. చలికి సెల్ లోపలి నిరోధం పెరిగి, ఎత్తు ఎక్కేటప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది. డిస్‌ప్లేలో 30 శాతం చూపిస్తుండగానే బండి ఆగిపోయేది అందుకే. బ్యాటరీని గదిలోనే ఉంచి, బయల్దేరే ముందు మాత్రమే బిగించండి. నియోప్రీన్ (మెత్తటి రబ్బరు) తొడుగు వేస్తే ఆ వెచ్చదనం కొంతసేపు నిలుస్తుంది.

ఒకే ఇంట్లో నాలుగు బండ్లుంటే ఛార్జర్లు కలిసిపోతాయి. 36 వోల్టుల బ్యాటరీకి 42, 48కి 54.6, 52కి 58.8 వోల్టుల ఛార్జర్. 52 వాళ్ల ఛార్జర్ 48 బ్యాటరీకి పెడితే పరిమితి దాటి ఎక్కుతుంది. ప్లగ్ సరిపోయింది కదా అని పెట్టేస్తారు. ఛార్జర్ మీద, బ్యాటరీ మీద ఒకే రంగు టేపు అంటించండి. ఇవాళే.

కొనేటప్పుడు బండికి యూఎల్ 2849, బ్యాటరీకి యూఎల్ 2271 గుర్తు చూడండి. పాత సెల్స్‌తో కట్టిన చవక ప్యాక్ వద్దు.

బేస్‌మెంట్ మెట్ల దగ్గర ఛార్జింగ్ పెట్టొద్దు. బయటికి ఉన్న ఒక్క దారీ అదే.

మంచం కింద, సోఫా మీద వద్దు.

పొగ అలారం బ్యాటరీ తీసేసిన ఇంట్లో ఛార్జింగే వద్దు.

కిందపడి దెబ్బ తగిలినా, ఉబ్బినా, వాసన వచ్చినా ఆ బ్యాటరీ ఇక వాడొద్దు. చెత్తబుట్టలోనూ వేయొద్దు.

సంక్రాంతికి ఇండియా వెళ్తుంటే బ్యాటరీని 50 శాతం దగ్గర ఉంచి, బండి నుంచి తీసి గదిలో పెట్టండి. సున్నాతో బాల్కనీలో వదిలేస్తే, తిరిగొచ్చేసరికి 48 వోల్టుల బ్యాటరీ 39 కన్నా కిందికి దిగి ఉండొచ్చు. అలా దిగితే ఛార్జ్ చేయకండి, షాపుకి తీసుకెళ్లండి.

టైర్లలో గాలి అయిదు పీఎస్ఐ తగ్గించండి, టైరు మీద రాసిన కనిష్ఠానికి దిగకుండా. ఐసు మీద పట్టు కోసం మేకులు దిగేసిన (స్టడెడ్) టైరు ఒక్కటే కొనగలిగితే ముందు చక్రానికి.

స్ట్రీట్‌కార్ (ట్రామ్) పట్టాల్ని ఏటవాలుగా కాకుండా, నేరుగా అడ్డంగా దాటండి. పట్టాల మీద బ్రేక్ వేయొద్దు.

ముందు చక్రంలో మోటార్ ఉంటే ఐసు మీద అసిస్ట్ (మోటార్ సాయం) ఒకటికి దించండి.

ఉప్పు నీళ్లని రోజూ తడిగుడ్డతో తుడవండి. ప్రెషర్ వాషర్ కొట్టొద్దు.

ఫ్రీజింగ్ రెయిన్ (నేల తాకగానే ఐసయ్యే వాన) హెచ్చరిక ఉన్నరోజు బండి తీయొద్దు.

బ్యాటరీ బుసకొట్టినా, పొగ వచ్చినా, దాన్ని ఎత్తుకుని పరిగెత్తొద్దు. అందర్నీ లేపండి, బయటికి రండి, వస్తూ తలుపు మూయండి, 911కి ఫోన్ చేయండి. పాస్‌పోర్ట్ కోసం వెనక్కి వెళ్లొద్దు.

ఇంకోసారి: చల్లటి బ్యాటరీకి ఛార్జర్ పెట్టొద్దు. రాత్రి ఎంత ఆలస్యమైనా, పొద్దున ఎంత తొందరున్నా, కనీసం మూడు గంటలు ఆగండి.