ఇంగ్లిష్ మాటల పుట్టుక – 6వ పాఠం: అందుకుంటేనే హింట్

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న వదిలాను. దొంగ కిటికీ అద్దం మీద వేలిముద్ర వదిలి వెళ్లాడు. అది క్లూనా, హింటా? క్లూయే. వాడు కావాలని వదల్లేదు కదా! తెలిసిన సంగతి పూర్తిగా చెప్పకుండా, ఎదుటివాళ్లే గ్రహిస్తారని కొస మాత్రం అందిస్తే అది హింట్. క్లూ వెతికితే దొరికేది, హింట్ ఒకరు ఇచ్చేది. గళ్లనుడికట్టు ఆధారాలను ఒకరు ఇస్తున్నా క్లూలనే అంటారు. ఇలాంటివాటిని మినహాయింపులుగా గుర్తుపెట్టుకోండి.

తెలుగువాళ్లకు ఇక్కడ చిక్కు తెచ్చిపెట్టేది 'సూచన' అనే మాట. సలహా అన్నా సూచనే, ముందస్తు గుర్తు అన్నా సూచనే. వైద్యుడు రోజూ నడవమని సూచిస్తే అది సజెస్ట్ చేయడం. విషయం ముఖాముఖి చెప్పేశాడు, దాపరికం ఏమీ లేదు. హింట్‌కు దగ్గరి తెలుగు 'చూచాయగా చెప్పడం'. నన్నడిగితే నిఘంటువుల్లో హింట్ పక్కన సూచన కన్నా ముందు చూచాయే ఉండాలి.

ఇక పుట్టుక. పాత ఇంగ్లిష్‌లో 'హెంటన్' అనే క్రియ ఉండేది. పట్టుకోవడం, చేజిక్కించుకోవడం అని దాని అర్థం. 14వ శతాబ్దపు కవి చాసర్ ఒక పేద విద్యార్థిని వర్ణిస్తూ, స్నేహితుల దగ్గర చేతికందినదంతా పుస్తకాలకూ చదువుకూ ఖర్చు పెట్టేవాడంటాడు. ఆ అందడానికి ఆయన వాడిన క్రియ 'హెంటె'. హింట్ దీని నుంచే వచ్చిందని నిఘంటుకారుల అభిప్రాయం. వేటాడటమనే అర్థమున్న 'హంట్' కూడా ఈ కుటుంబంలోదే.

పట్టుకోవడం ఎక్కడ, పరోక్షంగా చెప్పడం ఎక్కడ? ఈ మలుపు చూడాలంటే షేక్‌స్పియర్ 'ఒథెల్లో' తెరవాలి. 1604లో రాజు ఎదుట ప్రదర్శించినట్లు దాఖలా ఉన్న నాటకం ఇది. తాను పెళ్లాడిన డెస్డిమోనా మనసు ఎలా గెలుచుకున్నాడో కథానాయకుడు, సేనాని ఒథెల్లో వెనిస్ పెద్దల ముందు చెప్పుకుంటాడు. ఆ ఒక్క ప్రసంగంలోనే హింట్ రెండుసార్లు వస్తుంది. మొదట, తాను చూసిన గుహల గురించీ ఎడారుల గురించీ చెప్పడానికి 'హింట్' దొరికిందంటాడు. ఇక్కడ అర్థం అవకాశం, చేతికందిన సందు. తర్వాత డెస్డిమోనా అంటుందట: నన్ను ప్రేమించే స్నేహితుడెవరైనా మీకుంటే, మీ కథ ఎలా చెప్పాలో అతనికి నేర్పండి చాలు, నా మనసు గెలుస్తాడు. 'ఆ హింట్ మీద నేను మాట్లాడాను' అంటాడు ఒథెల్లో.

ఈ రెండోచోట ఆగి చదవండి. పండితులు ఇక్కడ కూడా అవకాశమనే అర్థం చెబుతారు. కానీ ఆమె ఇచ్చిన అవకాశం ఏమిటి? చూచాయగా అన్న మాటే! ఈనాటి పాఠకుడికి కొత్త అర్థమే ముందు తడుతుంది. పట్టుకోవడానికి దొరికిన సందు, పట్టుకోమని ఇచ్చిన మాటగా మారడానికి ఎంతో దూరం లేదని ఇక్కడ కళ్లారా కనిపిస్తుంది. ఆ 17వ శతాబ్దంలోనే హింట్ క్రియగానూ వాడుకలోకి వచ్చింది.

పాత అర్థం పూర్తిగా పోలేదు కూడా. హింట్ వదిలేవాడిది 'డ్రాప్', గ్రహించేవాడిది 'టేక్', అంటే అందుకోవడం. అతిథి ఎంతకీ లేవడం లేదు. ఇంటాయన గడియారం వైపు చూశాడు, ఖాళీ కప్పులు తీశాడు, చివరికి "రేపు మీకు పెందలాడే ప్రయాణం అన్నారు కదా!" అన్నాడు. ఇంత బాహాటమైనదాన్ని 'బ్రాడ్ హింట్' అంటారు. అతిథి అప్పటికీ లేవకపోతే హింట్ ఇచ్చినట్లే గాని అందుకున్నట్లు కాదు.

మిగతా అర్థాలు తేలిక. వంటలో లవంగం వాసన లీలగా తగిలితే అదీ హింటే. పని సులువు చేసే చిట్కాలు 'హింట్స్', ఎక్కువగా బహువచనంలో.

వాడేటప్పుడు ఒక జాగ్రత్త. 'అతను నాకు చూచాయగా చెప్పాడు' అనడానికి మనవాళ్లు 'హీ హింటెడ్ మీ' అంటారు. తప్పు. మనిషి ముందు 'టు', విషయం ముందు 'ఎట్', పూర్తి వాక్యం ముందు 'దట్' రావాలి.

అభ్యాసం: కింది వాక్యాల్లో హింట్, క్లూ, సజెస్ట్‌లలో ఏది ఎక్కడ సరిపోతుందో రాసి పెట్టుకోండి. జవాబులు వచ్చే పాఠంలో, 'ఇన్యుయెండో' (చెడ్డ అర్థం స్ఫురించేలా డొంకతిరుగుడుగా అనడం) అనే మాటతో పాటు.

ఆమె గొంతులో కోపం ఛాయైనా లేదు.
బురదలో దొరికిన బొత్తామే పోలీసులకు దారి చూపింది.
ఇంకో వైద్యుణ్ణి కూడా కలవమన్నాడు.
"ఈ కుర్చీ మీద ఎప్పుడూ మా తాతగారే కూర్చుంటారు" అంది పాప, కొత్తగా వచ్చినాయనతో.