మట్టి వాసన సెంటు కొనేవాళ్ళకి చిన్న చిట్కా

వాన పడ్డప్పుడు వచ్చే మట్టి వాసన సెంటు కావాలంటే ఖరీదైన ఫారిన్ పెర్ఫ్యూమే కొనక్కర్లేదండి, మన దేశంలోనే మిట్టీ అత్తరు ఎప్పట్నుంచో ఉంది, ఉత్తరప్రదేశ్ కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని రాగి బానలో నీళ్ళతో మరిగించి ఆ ఆవిరిని గంధం నూనెలోకి పట్టి చేస్తారు. ఆడా మగా ఎవరైనా రాసుకోవచ్చు, ఇంటిల్లిపాదికీ ఒక్క సీసా చాలు.

గంధం నూనె రేటు తెలిసిందే కదా, అందుకే చవగ్గా దొరికేవాటిలో చాలావరకు పారాఫిన్ నూనెలో కలిపినవే, ముందు చిన్న సీసానే తీసుకోండి. అదీ మూత తీసి వాసన చూసి కొనేయొద్దు, మణికట్టు మీద ఒక్క చుక్క రాసుకుని అలా ఆర్కే బీచ్ వైపు ఓ గంట తిరిగి రండి, మన వైజాగ్ ఉక్కకి చెమట పట్టాక కూడా మట్టి వాసనే వస్తుంటే అప్పుడు డబ్బులివ్వండి.

స్నానం అయ్యాక చెవుల వెనక, మోచేతి మడతలో అద్దుకుంటే చాలు, రుద్దొద్దు. స్ప్రేలాగా ఆల్కహాల్ ఉండదు కాబట్టి తొందరగా ఎగిరిపోదు, కానీ నూనె కదా, తెల్ల చొక్కా మీద పడితే మరకే (సర్ఫ్‌కి కూడా ఓ పట్టాన పోదు). సీసా కిటికీలో పెట్టకుండా బీరువాలో పెట్టుకోండి.