మెయిన్స్ వోల్టేజ్ సెన్సింగ్ సర్క్యూట్‌లో ఐసొలేషన్ లోపాలు: సమస్య - పరిష్కారం

230 వోల్టుల మెయిన్స్‌ను కొలిచే బోర్డు రీడింగ్ చక్కగా చూపిస్తూనే మనిషి ప్రాణం తీయగలదు. రీడింగ్ చూసి భద్రతను అంచనా వేయలేం. అందుకే సమస్య ఏదైనా ముందుగా బోర్డు లేఅవుట్‌ను ప్రింటు తీసి, దాని మీద ఎర్ర పెన్నుతో ఒక గీత గీయండి. మెయిన్స్‌తో నేరుగా కలిసినవన్నీ గీతకు ఒక పక్క, మనిషి చెయ్యి తగిలే అవకాశం ఉన్నవన్నీ మరో పక్క ఉండాలి. ఈ రెండు పక్కలను విద్యుత్ పరంగా వేరుగా ఉంచడమే ఐసొలేషన్. ఆ గీతను ఏయే భాగాలు దాటుతున్నాయో రాసుకోండి. కింద చెప్పే లోపాలు చాలావరకు అక్కడే దొరుకుతాయి. ఈ పనంతా కరెంటు తీసేసి, కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యాకే చేయాలి.

యూఎస్‌బీ కేబుల్ పెట్టగానే పోర్టు కాలిపోయింది, లేదా స్కోప్ (ఆసిలోస్కోప్) క్లిప్ తగిలించగానే ఆర్‌సీసీబీ (లీకేజీని పసిగట్టి సరఫరా ఆపే స్విచ్) ట్రిప్ అయింది

మీ సర్క్యూట్ గ్రౌండ్ నేరుగా ఫేజ్‌కో న్యూట్రల్‌కో కలిసి ఉంది. షంట్‌తో (కరెంటును కొలిచే చిన్న రెసిస్టర్‌తో) పనిచేసే ఎనర్జీ మీటర్ బోర్డుల్లో ఇది మామూలే. స్కోప్ గ్రౌండ్ క్లిప్, డెస్క్‌టాప్ కంప్యూటర్ యూఎస్‌బీ గ్రౌండ్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి కాబట్టి, క్లిప్ తగలగానే కరెంటు ఆ దారి పడుతుంది. న్యూట్రలే కదా అని ధీమాగా ఉండకండి. వైరింగ్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారైతే ఆ గ్రౌండ్ మొత్తం 230 వోల్టుల మీద కూర్చుంటుంది.

కొలిచే భాగాన్ని గీతకు మెయిన్స్ వైపునే ఉండనిచ్చి, డేటా లైన్లకు డిజిటల్ ఐసొలేటర్ (తీగ కలవకుండా సిగ్నల్‌ను దాటించే చిప్) పెట్టండి. ఆ భాగానికి పవర్ కూడా విడిగా, ఐసొలేటెడ్ కన్వర్టర్ నుంచే రావాలి. చాలామంది డేటాను వేరుచేసి పవర్‌ను మరిచిపోతారు. అప్పుడు ఐసొలేటర్ పెట్టీ ప్రయోజనం లేదు. కొలతకు డిఫరెన్షియల్ ప్రోబ్ (ఎర్త్‌కు కలపకుండా రెండు బిందువుల మధ్య తేడాను చదివేది) వాడండి. స్కోప్ ప్లగ్‌కు ఎర్త్ పిన్ తీసేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అలా చేస్తే స్కోప్ లోహపు భాగాలన్నీ ఫేజ్ వోల్టేజ్‌కు చేరతాయి.

ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను వెలుతురుతో దాటించే భాగం) ముందున్న రెసిస్టర్ నల్లబడుతోంది

230 వోల్టులకు 47 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెడితే అది 1.1 వాట్లకు పైగా వేడిని భరించాలి. పావు వాటు రెసిస్టర్ కాలక ఏం చేస్తుంది? 100 కిలోఓమ్‌లవి రెండు వరసగా పెడితే మొత్తం వేడి 0.26 వాట్లకు దిగుతుంది. కరెంటు కూడా 1.15 మిల్లీఆంపియర్లకు తగ్గుతుంది కనుక, అంత తక్కువలో పనిచేసే ఆప్టోకప్లర్ ఎంచుకోండి. లోపలి ఎల్‌ఈడీకి ఎదురు దిశలో ఒక డయోడ్ తప్పనిసరి.

పెట్టె లోహాన్ని తాకితే చేతికి జివ్వుమంటోంది

ఎర్త్ లేని పరికరంలో, గీతను దాటే వై కెపాసిటర్ (రెండు పక్కల మధ్య పెట్టే భద్రతా కెపాసిటర్) గుండా వచ్చే లీకేజీ కావచ్చు. 4.7 నానోఫారడ్ కెపాసిటర్ 230 వోల్టులు, 50 హెర్ట్జ్ దగ్గర 0.34 మిల్లీఆంపియర్లు వదులుతుంది, 2.2 నానోఫారడ్ అయితే 0.16. మొత్తం లీకేజీని కొలిచి, మీ పరికరానికి వర్తించే పరిమితితో పోల్చండి. రీఇన్‌ఫోర్స్‌డ్ ఇన్సులేషన్‌ను (రెండు పొరలకు సమానమైన రక్షణను) దాటేచోట ఒక్కటే పెడితే అది వై1 తరగతిది కావాలి. మామూలు హై వోల్టేజ్ సిరామిక్ కెపాసిటర్ షార్ట్ అయి చెడిపోతే మెయిన్స్ నేరుగా చేతికి వస్తుంది.

వై కెపాసిటర్ లేకుండా మెగోమ్ రెసిస్టర్లతోనే వోల్టేజ్ చదువుతుంటే, అది గాల్వానిక్ ఐసొలేషన్ (రెండు పక్కల మధ్య కరెంటు దారే లేకపోవడం) కిందికి రాదు. కరెంటును పరిమితం చేసే రక్షణ ఇంపిడెన్స్ మాత్రమే. 1206 సైజు రెసిస్టర్ సాధారణంగా 200 వోల్టుల వరకే, 0805 అయితే 150 వోల్టుల వరకే తట్టుకుంటుంది. అందుకే ఒక్కటి చాలదు. ప్రతి దారిలో రెండు మూడు వరసగా పెట్టి, వాటిలో ఒకటి షార్ట్ అయినా కరెంటు పరిమితి దాటదని లెక్కతో తేల్చుకోండి.

5000 వోల్టుల ఆప్టోకప్లర్ ఉన్నా హైపాట్ పరీక్షలో (ఇన్సులేషన్‌కు ఎక్కువ వోల్టేజ్ ఇచ్చి చూసే పరీక్షలో) బోర్డు నిలవడం లేదు

డేటాషీట్‌లోని 5000 ఆ భాగానికి మాత్రమే వర్తిస్తుంది, మీ బోర్డుకు కాదు. చెరువు గట్టుకు ఒక్క గండి చాలు. ముందు ఆప్టోకప్లర్ అడుగున చూడండి: గ్రౌండ్ రాగి పొర దాని కిందుగా పాకి ఉంటుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో కాపర్ నింపినప్పుడు అడ్డు పెట్టకపోతే ఇలాగే జరుగుతుంది. నాలుగు పొరల బోర్డులో లోపలి పొరలనూ ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి. ఆ తర్వాత గీతకు దగ్గరగా ఉన్న స్క్రూ రంధ్రాలు, వాషర్లు, హీట్‌సింకులు.

ఇన్సులేషన్ దూరాల ప్రమాణం ఐఈసీ 60664-1 ప్రకారం 250 వోల్టుల వర్కింగ్ వోల్టేజ్‌కు, కాలుష్య స్థాయి 2లో (మామూలు ఇంటి, ఆఫీసు వాతావరణంలో), మామూలు ఎఫ్‌ఆర్-4 బోర్డు మీద క్రీపేజ్ (ఉపరితలం వెంబడి దూరం) బేసిక్ ఇన్సులేషన్‌కు (ఒక్క పొర రక్షణకు) 2.5 మిల్లీమీటర్లు, రీఇన్‌ఫోర్స్‌డ్‌కు 5 మిల్లీమీటర్లు ఉండాలి. చోటుంటే 8 మిల్లీమీటర్లు వదలండి. దూరాన్ని ప్యాడ్ అంచు నుంచి ప్యాడ్ అంచుకు కొలవాలి, పిన్ మధ్య నుంచి కాదు. చోటు చాలకపోతే రెండు పక్కల మధ్య బోర్డును కోసి గాడి చేయండి. కాలుష్య స్థాయి 2లో ఆ గాడి వెడల్పు కనీసం 1 మిల్లీమీటరు ఉంటేనే క్రీపేజ్ లెక్కలోకి వస్తుంది. టంకం తర్వాత మిగిలిన ఫ్లక్స్‌ను గీత పొడవునా శుభ్రంగా కడగండి.

దూరాలన్నీ సరిపోయినా పరీక్ష విఫలమైతే పరీక్షనే అనుమానించండి. చాలా ప్రమాణాల్లో రీఇన్‌ఫోర్స్‌డ్‌కు 3000 వోల్టుల ఏసీ ఇస్తారు. ఆ వోల్టేజ్ దగ్గర 4.7 నానోఫారడ్ వై కెపాసిటర్ ఒక్కటే 4.4 మిల్లీఆంపియర్లు లాగుతుంది. టెస్టర్ పరిమితి అంతకన్నా తక్కువగా ఉంటే, ఇన్సులేషన్ బాగున్నా విఫలమని చూపిస్తుంది. ప్రమాణం అనుమతిస్తే 4242 వోల్టుల డీసీతో పరీక్షించండి. డీసీ పరీక్ష ముగిశాక ఆ కెపాసిటర్ నిండా ఛార్జ్ మిగిలి ఉంటుంది. రెసిస్టర్ గుండా దాన్ని ఖాళీ చేసి, మీటరుతో సున్నా చూసుకున్నాకే బోర్డు మీద చెయ్యి వేయండి.