రంగులద్దిన తోలును ఇంట్లో భద్రపరచడం

ఉత్తర అమెరికాలోని సూ తెగవారు బైసన్ (అక్కడి అడవిదున్న) తోలు దుప్పట్లపై ఎముక కుంచెలతో మట్టిరంగులు అద్దేవారు. మ్యూజియంలు వాటిని కాపాడే పద్ధతిలో చాలా భాగం, నెల్లూరు జిల్లాలో తాతల నాటి తోలుబొమ్మలు దాచుకున్న ఇళ్లకు కూడా పనికివస్తుంది.

బొమ్మను గోడకు తగిలించకండి. వెలుతురుకు వెలిసిన రంగు మళ్లీ రాదు కనుకనే మ్యూజియంలు ఇటువంటి తోలుపై సాధారణంగా 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించి వెలుతురు పడనివ్వవు.

తడిగుడ్డ అసలు తాకించకూడదు. సూ వారి దుప్పటి జంతువు మెదడుతో పదును చేసిన మెత్తని తోలు, తడిసి ఆరితే అది బిరుసెక్కుతుంది. మన బొమ్మది పదును చేయని తోలు కాబట్టి, తడికి ఉబ్బి, ఆరేటప్పుడు ముడుచుకుపోయి, సీతమ్మ హారంలో ముత్యాల్లా కొట్టిన సన్నని చిల్లుల అంచులు వంకరపోతాయి. రంగు రాలుతున్న చోటును వదిలేసి, మిగతా దుమ్మును మెత్తని పొడి కుంచెతో మెల్లగా తీయాలి. నూనె పూస్తే మెరుపు వస్తుందనే మాటను నేను ఒప్పుకోను, ఆ జిడ్డు దుమ్మును పట్టి ఉంచుతుంది.

గంజి పెట్టని నూలుగుడ్డ పరిచి, బొమ్మను మడవకుండా పెట్టెలో పడుకోబెట్టండి. నవంబరు వాయుగుండాల రోజుల్లో పెట్టె తెరవకుండా, వాన వెలిసి గాలి పొడిబారాక నీడలో తెరిచి, బూజు, పురుగు జాడ ఉన్నాయేమో చూడండి.