వేడిగాలి టంకంతో ఇంట్లోనే హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ చేసుకోవడం ఎలా?

తిరుపతిలో ఏ సెల్‌ఫోన్ రిపేరు దుకాణంలోకి తొంగిచూసినా బల్ల మీద వేడిగాలి ఊదే బ్లోయర్ ఒకటి ఉంటుంది. రేణిగుంట చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఇదే పనిని పొడవాటి ఓవెన్లు చేస్తాయి. పద్ధతి ఒక్కటే: లోహపు పొడి కలిసిన పేస్ట్ పూసి, పైన భాగాలు పేర్చి, వేడిచేయడం. ఇంట్లో నేర్చుకుందామనుకునే కుర్రాళ్లు మాత్రం సాధారణంగా ఒక పాడైన ఫోన్ ముందేసుకుని మొదలుపెడతారు. ఇసుక రేణువంత భాగాలు, పక్కపక్కనే ప్లాస్టిక్ కనెక్టర్లు. రెండు రోజుల్లో విసుగొస్తుంది. నన్నడిగితే మొదటి పనికి హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ మేలు. ఒకే ఒక్క చిప్, దాని చుట్టూ పదమూడు చిన్న భాగాలు, చివర్లో వినడానికి ఒక వస్తువు.

ముందే ఒక మాట. మీ దగ్గరున్నవి ఫోన్‌తో వచ్చిన ఇయర్‌ఫోన్లే అయితే దీనివల్ల పెద్ద తేడా రాదు. 250, 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్లు కొని, ఫోన్‌కు పెడితే శబ్దం నీరసంగా వస్తోందనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది. పని నేర్చుకోవడమే ఉద్దేశమైతే ఎవరైనా చేయొచ్చు.

సర్క్యూట్ ఏమిటి?

చిప్ ఎన్‌జేఎం4556ఏ. రెండు ఆప్ ఆంప్‌లు (సిగ్నల్‌ను పెంచే సర్క్యూట్లు) ఒకే ఒంట్లో ఉంటాయి కాబట్టి ఎడమకొకటి, కుడికొకటి. ఒక్కో వైపు సుమారు 70 మిల్లీఆంపియర్ల దాకా ఇస్తుంది. 2011లో వచ్చిన ఓ2 అనే పేరున్న యాంప్లిఫయర్‌లో అవుట్‌పుట్‌కు వాడింది కూడా దీన్నే. ఆడియో పనుల్లో అందరూ వాడే 5532 చిప్ ఇంత కరెంటు ఇవ్వలేదు, 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ పెడితే ముందే చేతులెత్తేస్తుంది.

కరెంటు రెండు 9 వోల్టుల బ్యాటరీల నుంచి. ఒకదాని ప్లస్, రెండోదాని మైనస్ కలిపిన చోటే గ్రౌండ్. అప్పుడు చిప్‌కు ప్లస్ 9, మైనస్ 9 దొరుకుతాయి. ఒకే బ్యాటరీని రెండుగా చీల్చే పద్ధతీ ఉంది గానీ, ఆ నడిమి బిందువును స్థిరంగా నిలపడం అదో తలనొప్పి. రెండో బ్యాటరీ ఖర్చు దానికంటే నయం.

ఒక్కో చానల్ ఇలా: ఫోన్ నుంచి వచ్చిన సిగ్నల్ 2.2 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ దాటి, 10 కిలోఓమ్ వాల్యూమ్ కంట్రోల్‌కు వెళ్తుంది. దాని మధ్య కాలు నుంచి చిప్ ప్లస్ ఇన్‌పుట్‌కు. అక్కడి నుంచే 100 కిలోఓమ్ రెసిస్టర్ ఒకటి గ్రౌండ్‌కు వేయాలి. వాల్యూమ్ కంట్రోల్ అరిగి ఎప్పుడైనా కాంటాక్ట్ తప్పితే, ఇన్‌పుట్ గాల్లో వేలాడకుండా అది కాపాడుతుంది. ఫీడ్‌బ్యాక్‌లో, అంటే అవుట్‌పుట్ నుంచి మైనస్ ఇన్‌పుట్‌కు, 2.2 కిలోఓమ్, మైనస్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు 1 కిలోఓమ్. గెయిన్, అంటే సిగ్నల్ పెరిగే లెక్క, 1 + 2.2, మొత్తం 3.2 రెట్లు. ఇంటర్నెట్‌లో కనిపించే పాత బొమ్మల్లో 11 రెట్లు ఉంటుంది. అంత పెడితే వాల్యూమ్ కాస్త తిప్పగానే చెవులు గింగిర్లెత్తుతాయి, నేపథ్యంలో సుయ్యిమనే హిస్ కూడా పెరుగుతుంది. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ మీదుగా 47 పికోఫారడ్, అవుట్‌పుట్‌లో 2.2 ఓమ్ వేస్తే చానల్ పూర్తయినట్టే. చిప్‌కు ప్లస్ 9 అందే 8వ కాలు దగ్గర ఒకటి, మైనస్ 9 అందే 4వ కాలు దగ్గర ఒకటి 100 నానోఫారడ్ కెపాసిటర్లు గ్రౌండ్‌కు. ఇవి కాలికి ఎంత ఆనుకుని ఉంటే అంత మంచిది. దూరంగా పెడితే చిప్ చెవికి వినపడని ఫ్రీక్వెన్సీలో ఊగిపోయి, ఉత్తిపుణ్యానికి వేడెక్కుతుంది. బ్యాటరీల వైపు చెరో 220 మైక్రోఫారడ్, 16 వోల్టుల ఎలక్ట్రోలైటిక్. ఎల్ఈడీని 10 కిలోఓమ్‌తో ప్లస్ నుంచి మైనస్‌కు నేరుగా కలపండి, అప్పుడు రెండు బ్యాటరీలూ సమానంగా అరుగుతాయి.

సామాను

రెసిస్టర్లు, సెరామిక్ కెపాసిటర్లు 0805 సైజులో కొనండి. 2 మిల్లీమీటర్ల పొడవు, కంటికి ఆనుతాయి. ఇంకా చిన్నదైన 0603 సైజుకు పోవద్దు. రెసిస్టర్ల మీద అంకెలుంటాయి: 1001 అంటే 1 కిలోఓమ్, 2201 అంటే 2.2, 1003 అంటే 100. కెపాసిటర్ల మీద ఏమీ ఉండదు. పట్టీలోంచి బయటకు తీస్తే ఏది ఏదో దేవుడికే తెలియాలి. కాబట్టి ఒక విలువ తీయడం, పెట్టడం, తర్వాతే ఇంకోటి. 47 పికోఫారడ్ సీ0జీ రకం కావాలి, 100 నానోఫారడ్‌కు ఎక్స్7ఆర్ చాలు.

చిప్ కొనేటప్పుడు పేరు చివరి అక్షరం చూడాలి. ఎం ఉంటే అది డీఎంపీ8 ప్యాకేజీ, మామూలుగా చిప్‌లు వచ్చే ఎస్ఓఐసీ ప్యాకేజీ కంటే కాస్త వెడల్పు. బోర్డు గీసేటప్పుడు ఎస్ఓఐసీ ఫుట్‌ప్రింట్ (కాళ్లు కూర్చునే రాగి ప్యాడ్‌ల అమరిక) పెట్టేసి, తీరా చిప్ చేతికొచ్చాక కాళ్లు ప్యాడ్‌లు దాటిపోతే చేసేదేమీ లేదు. డీ ఉంటే అది పాతకాలపు పొడుగు కాళ్ల రకం.

వాల్యూమ్ కంట్రోల్ రెండు చానళ్లది, ఏ10కే అని రాసి ఉన్నది. కౌంటర్లో చాలాసార్లు బీ10కే చేతిలో పెడతారు. అది లీనియర్ రకం, శబ్దమంతా మొదటి పావు తిప్పులోనే వచ్చేస్తుంది. స్విచ్ తప్పనిసరిగా రెండు బ్యాటరీలనూ ఒకేసారి కోసే డబుల్ పోల్ రకం. ఎందుకో చివర్లో చెప్తా.

ఊళ్లో దొరకనివి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. పొద్దున్నే గరుడాద్రి రైలెక్కి చెన్నై రిచ్చీ స్ట్రీట్‌కు పోయొచ్చే అలవాటున్నవాళ్లకు జాక్‌లు, స్విచ్‌లు చేత్తో పట్టుకుని చూసి కొనే సుఖం వేరు.

సోల్డర్ పేస్ట్ 63/37 రకం తీసుకోండి. తగరం 63, సీసం 37 పాళ్లు, 183 డిగ్రీలకు కరుగుతుంది. దుకాణంలో ఉత్తినే పేస్ట్ అంటే పసుపు ఫ్లక్స్ డబ్బా (టంకం బాగా అతుక్కోవడానికి పూసేది) ఇస్తారు. అదీ అవసరమే, కానీ ఇక్కడ కావాల్సింది బూడిద రంగులో సిరంజీలో ఉండేది. దాన్ని ఫ్రిజ్‌లో దాచాలి, తినే వస్తువులకు దూరంగా, మూతున్న డబ్బాలో. మన మే నెల ఎండలకు బయట ఉంటే గట్టిపడి పనికిరాకుండా పోతుంది. వాడే ముందు బయటికి తీసి, మూత తీయకుండానే గది వేడికి రానివ్వాలి. చల్లగా ఉండగా తెరిస్తే తేమ పట్టి, వేడి తగలగానే చిటపటమని ఎగిరి చిన్న టంకపు గుండ్లు చెల్లాచెదురవుతాయి. అక్టోబరు, నవంబరు వానల్లో ఇది మరీ ఎక్కువ.

బోర్డును కికాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీసి పీసీబీ చేసేవాళ్లకు పంపితే సరిపోతుంది. గ్రౌండ్ ప్యాడ్‌లకు థర్మల్ రిలీఫ్ (ప్యాడ్‌ను చుట్టూ ఉన్న రాగికి సన్నని గీతలతోనే కలిపే ఏర్పాటు) తీసేయకండి, లేకపోతే వెనకున్న రాగి అంతా వేడిని తాగేస్తుంది.

వేడిగాలి మెషిన్ సంగతి

858డీ తరహా చవక మెషిన్ చాలు. కొన్నాక చేయాల్సిన మొదటి పని: ప్లగ్ తీసి ఉంచి, మల్టీమీటర్‌తో ప్లగ్‌లోని ఎర్త్ పిన్నుకూ, నాజిల్ లోహానికీ మధ్య కంటిన్యుటీ (కలిసి ఉన్నాయా లేదా అన్నది) చూడటం. బీప్ రాకపోతే ఎర్త్ వేయించేదాకా వాడొద్దు. పని అయ్యాక హ్యాండిల్‌ను స్టాండ్‌లో పెడితే ఫ్యాన్ తిరుగుతూ హీటర్‌ను చల్లారుస్తుంది. అది ఆగేదాకా గోడ స్విచ్ తీయకండి. మధ్యలో కరెంటు పోతే ఆ చల్లార్పు జరగదు, నాజిల్ చాలాసేపు కాలుతూనే ఉంటుంది. స్టాండ్‌ను కాలిపోయే వస్తువులకు దూరంగా పెట్టుకోవడం అందుకే.

అసలు బోర్డు ముట్టుకునే ముందు పాత సెట్‌టాప్ బాక్స్ బోర్డు ఒకటి తెచ్చుకోండి. దాని మీద ఎనిమిది కాళ్ల చిప్పులు, రెసిస్టర్లు ఊడదీసి మళ్లీ పెట్టండి. టంకం కరిగే క్షణాన్ని కంటితో గుర్తుపట్టడం వచ్చిందంటే సగం పని నేర్చుకున్నట్టే.

పేర్చడం, వేడిచేయడం

సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. వేసవిలో ఇది శిక్షే, కానీ ఫ్యాన్ గాలికి బోర్డు ఒకవైపు చల్లారుతుంది, రెసిస్టర్లు ఎటో ఎగిరిపోతాయి. పొగ పోవడానికి కిటికీ తెరిచి ఉంచండి. సీసంతో పని కాబట్టి బల్ల మీద కాఫీ గ్లాసు వద్దు, లేచాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ప్యాడ్‌లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్రతి దాని మీద పేస్ట్ చిన్న చుక్క పెట్టండి. చిప్ కాళ్ల కోసం నాలుగు ప్యాడ్‌ల మీదుగా ఒకే సన్నని గీత గీసినా చాలు, కరిగాక టంకం తనంతట తాను కాళ్ల దగ్గరికి చేరుతుంది. ఎక్కువ పెట్టాలన్న ఆశే కొత్తవాళ్లను ముంచుతుంది. ప్యాడ్ కనిపించనంత పేస్ట్ పెట్టారంటే తీసేయండి.

ట్వీజర్‌తో భాగాలు పేర్చండి. కాస్త వంకరగా ఉన్నా పర్వాలేదు. చిప్ మీద చుక్క గానీ, చెక్కిన అంచు గానీ ఒకటో కాలు వైపును చూపిస్తుంది. బోర్డు మీది గుర్తుతో సరిపోయిందో లేదో రెండుసార్లు చూడండి. తిరగేసి పెడితే 8వ కాలు, 4వ కాలు తారుమారై, బ్యాటరీ పెట్టగానే చిప్ పోతుంది.

ఇప్పుడు గాలి. మెషిన్‌ను 150 డిగ్రీల దగ్గర పెట్టి, నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తు నుంచి బోర్డంతా నిమిషం పైనే తిప్పండి. పెనం కాగకముందే పిండి పోస్తే దోసె ఎలా అతుక్కుంటుందో, ఇక్కడా అంతే. చల్లని బోర్డు మీద ఒక్కసారిగా మంట లాంటి గాలి కొడితే సెరామిక్ కెపాసిటర్లు లోపల చిట్లుతాయి. పైకి ఏమీ కనబడదు, నెల తర్వాత షార్ట్ అవుతాయి.

తర్వాత 300 డిగ్రీలకు పెంచి, గాలి వేగం తక్కువలో ఉంచి, నాజిల్‌ను నిటారుగా రెండు సెంటీమీటర్ల ఎత్తున పట్టుకుని చిన్న సున్నాలు చుట్టండి. చూపు చిప్ మీద ఉన్నా గాలి మాత్రం కాళ్ల మీద, ప్యాడ్‌ల మీద పడాలి. నడుమ నల్లటి ఒంటి మీదే కొడితే ప్లాస్టిక్ మాడుతుంది తప్ప టంకం కరగదు. మొదట ఫ్లక్స్ నీరులా కారుతుంది, పేస్ట్ మసకగా ఉంటుంది. ఆ తర్వాత ఒక్కసారిగా వెండిలా మెరుస్తుంది. అదే క్షణంలో వంకరగా ఉన్న రెసిస్టర్ తనంతట తానే సర్దుకుని ప్యాడ్‌ల మధ్యలో నిలబడుతుంది. కరిగిన టంకం తలతన్యత చేసే పని అది, ఎన్నిసార్లు చూసినా ముచ్చటేస్తుంది. మెరుపు వచ్చాక ఇంకో రెండు మూడు సెకన్లుంచి నాజిల్ పైకెత్తండి. ఊదకండి, కదపకండి. మెరుపు తగ్గి గట్టిపడేదాకా ఆగండి.

ఒక రెసిస్టర్ ఒంటికాలిపై లేచి నిలబడిందా? ఒకవైపు ముందు కరిగిందన్నమాట. ఫ్లక్స్ వేసి రెండువైపులా సమానంగా వేడిచేస్తూ ట్వీజర్‌తో నెమ్మదిగా పడుకోబెట్టండి. రెండు కాళ్లు కలిసిపోతే ఫ్లక్స్ పూసి, టంకాన్ని పీల్చే రాగి అల్లిక పట్టీ అయిన విక్‌తో లాగేయండి. భూతద్దంతో ప్రతి కాలూ చూశాకే బ్రష్, ఆల్కహాల్‌తో కడగండి.

వాల్యూమ్ కంట్రోల్, జాక్‌లు, ఫిల్మ్, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు అన్నీ ఇప్పుడు మామూలు టంకపు కర్ర (సోల్డరింగ్ ఐరన్)తో. ఇవి ముందే బిగిస్తే వేడిగాలికి కరిగి వంకరపోతాయి.

హెడ్‌ఫోన్ పెట్టకముందు

ఈ దశ దాటేయాలని చెయ్యి లాగుతుంది, దాటేయొద్దు. బ్యాటరీలు లేకుండా ప్లస్‌కూ గ్రౌండ్‌కూ, మైనస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య ఓమ్‌లు చూడండి. రీడింగ్ నెమ్మదిగా పెరుగుతూ పోవాలి, సున్నా దగ్గర ఆగకూడదు. తర్వాత ఒక్కో బ్యాటరీకి 100 ఓమ్‌ల రెసిస్టర్ వరుసలో కలిపి స్విచ్ వేయండి. ఆ రెసిస్టర్ల మీద సుమారు 1 వోల్టు కనిపిస్తే 10 మిల్లీఆంపియర్ల చుట్టూ తాగుతోందని లెక్క, అంతా బాగున్నట్టే. 2 వోల్టులు దాటితే వెంటనే ఆపి, ఎక్కడ అంటుకుందో వెతకండి.

ఇక అవుట్‌పుట్ జాక్ దగ్గర డీసీ వోల్టేజ్. వాల్యూమ్ సున్నాలోనూ, నిండుగానూ రెండుసార్లు కొలవండి. 10 మిల్లీవోల్టుల లోపుంటే నిశ్చింత. 8 వోల్టులు, 7 వోల్టులు చూపిస్తే ఆ చానల్ ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ అతుక్కోలేదు, లేదా ఇన్‌పుట్ కాలు గాల్లో ఉంది. ఆ స్థితిలో హెడ్‌ఫోన్ పెడితే లోపలి తీగచుట్ట కాలిపోతుంది. అంతా సరిపోయాక 100 ఓమ్‌లు తీసేసి, మొదట ఎవరికీ అక్కర్లేని పాత ఇయర్‌ఫోన్‌తో వినండి.

వినడానికి తంబురా శ్రుతి ఉన్న అన్నమయ్య కీర్తన ఏదైనా పెట్టుకోండి. హమ్ (కరెంటు గుయ్‌మనే మోత) ఉంటే శ్రుతి కింద ముందుగా తెలిసిపోతుంది. హమ్ వస్తే బోర్డును లోహపు డబ్బాలో పెట్టి, డబ్బాను గ్రౌండ్‌కు ఒకే ఒక్క చోట కలపండి. పిల్లల రేకు జామెట్రీ బాక్స్ చక్కగా సరిపోతుంది, బోర్డు రేకుకు తగలకుండా అడుగున మందపాటి అట్ట వేయడం మాత్రం మర్చిపోకండి.

స్విచ్ సంగతి ఇప్పుడు. ఒక బ్యాటరీ ముందే చచ్చిపోయినా, దాని క్లిప్ ఊడినా, చిప్ అవుట్‌పుట్ రెండోవైపుకు లాక్కుపోయి హెడ్‌ఫోన్‌లోకి డీసీ వెళ్తుంది. డబుల్ పోల్ స్విచ్ అడిగింది ఇందుకే. బ్యాటరీలు ఎప్పుడూ జతగా, ఒకే కంపెనీవి, ఒకేసారి మార్చాలి. మంచి ఆల్కలైన్ జత నలభై గంటల చుట్టూ వస్తుంది. ఒకదాని వోల్టేజ్ 7 కిందికి దిగిందంటే రెండూ తీసేయండి. యాంప్లిఫయర్ ఆన్ చేసేటప్పుడు ముందు స్విచ్, తర్వాత హెడ్‌ఫోన్. ఆపేటప్పుడు ముందు హెడ్‌ఫోన్ పీకి, ఆ తర్వాత స్విచ్.