ఇంటి కరెంటు, మూడో పాఠం: పెరట్లో తడి, దండెం, మోటారు

పోయిన పాఠంలో ఏ ఎంసీబీ (వైరులో కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే బోర్డు స్విచ్చు) దింపితే ఇంట్లో ఏ భాగం ఆగుతుందో కాగితం మీద రాసి బోర్డు పక్కన అంటించమన్నాను. అంటించారు కదా? లేకపోతే ముందు ఆ పని చేసి రండి. ఇవాళ పెరట్లో ఏది ముట్టుకోవాలన్నా ఆ కాగితం చూసి కరెంటు ఆపాకే ముట్టుకోవాలి.

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల పాత ఇళ్లు మీకు తెలిసినవే. వెనక పొడుగాటి పెరడు, అందులో నుయ్యి, నూతి గట్టు మీద మోటారు, రేకుల సావిడి, సావిడి నుంచి కొబ్బరి చెట్టుకి కట్టిన దండెం. ఇంటి లోపల వైరింగుకి మంచి వైరు కొంటాం. పెరట్లోకి వచ్చేసరికి మిగిలిపోయిన ముక్కలు అతికి, నల్ల టేపు చుట్టి లాగేస్తాం. వానా, ఎండా, ఎలకలూ ఉండేది అక్కడే. చెప్పులు లేకుండా తడి కాళ్లతో తిరిగేదీ అక్కడే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ గాలికి మా సావిడి రేకు ఒకటి జానెడు పక్కకి జరిగింది. ఎవరం పట్టించుకోలేదు. కరెంటు మళ్లీ వచ్చాక ఒకరోజు అమ్మ తడి చీర ఆరేస్తూ, "దండెం ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందిరా, ఏదో నరం పట్టినట్టుంది" అంది. మూడు రోజులు అలాగే ఆరేసింది. నాలుగో రోజు మెయిన్ దింపి నిచ్చెన వేసుకుని చూశాను. సావిడి బల్బు వైరు ఆ రేకు అంచు కింద నలిగి, లోపలి రాగి గోరంత మేర బయటపడి ఉంది. దండెం జీఐ తీగ (జింకు పూత పూసిన ఇనుప తీగ) ఆ రేకు మేకుకే కట్టి ఉంది. కాళ్లకి రబ్బరు చెప్పులుండబట్టి అమ్మ బతికింది. ఆ మూడు రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంటుంది.

ఆ మూడు రోజుల్లో ఒక్కసారైనా ఎంసీబీ ఎందుకు పడలేదు? ఈ పాఠానికి కీలకం ఇదే, నెమ్మదిగా చదవండి.

తడిసిన ఒంటికి కరెంటును అడ్డుకునే శక్తి సుమారు వెయ్యి ఓములకి పడిపోతుంది. 230 వోల్టులని 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీఆంపియర్లు. పది మిల్లీఆంపియర్లు దాటితేనే పట్టుకున్న చెయ్యి బిగుసుకుపోయి వదలదు. ముప్పై దగ్గర ఊపిరి కష్టమవుతుంది. యాభై దాటితే గుండె లయ తప్పవచ్చు. మన ఎంసీబీ మాత్రం 16 ఆంపియర్లది, 0.23 దాని లెక్కలోకే రాదు. అది వైరు కాలిపోకుండా కాపాడటానికి పెట్టింది, మనిషి కోసం కాదు.

ఎర్తింగు ఉందిగా అంటారు. ఎండిపోయిన పాత ఎర్తు గుంట 50 ఓములు చూపిస్తోందనుకోండి. మోటారు బాడీకి ఫేజు, అంటే కరెంటు వచ్చే తీగ, తగిలితే భూమిలోకి పోయేది 230 భాగించు 50, అంటే 4.6 ఆంపియర్లే. ఎంసీబీ అప్పుడూ కదలదు, మోటారు బాడీ కరెంటుతోనే ఉండిపోతుంది. అలాగని ఎర్తు తీసేయకండి, రెండూ కావాలి. మోటారు ప్లగ్గుకి మూడో పిన్ను విరగ్గొట్టి రెండు రంధ్రాల్లో గుచ్చే అలవాటు మన ఊళ్లలో చాలా ఉంది. అది ఇవాళే మానండి.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది ఎప్పుడూ సరిచూస్తుంటుంది. కొంత మనిషి ఒంట్లోంచో, తడి గోడలోంచో భూమిలోకి జారిపోతే ఆ తేడా పట్టుకుని కన్ను మూసి తెరిచేలోగా పడిపోతుంది. కొనేటప్పుడు దాని మీద 30 మిల్లీఆంపియర్లు లేదా 0.03 ఆంపియర్లు అని ఉందో లేదో చూడండి. 100, 300 రకాలు ప్రధానంగా అగ్నిప్రమాదాల నుంచి రక్షణకి, మనకి పనికిరావు. బిగించడం లైసెన్సున్న మిస్త్రీ పని. మీ పని నెలకోసారి దాని మీదున్న 'టి' మీట నొక్కడం. నొక్కగానే పడాలి, పడకపోతే మార్పించాలి. ఒక్క హెచ్చరిక: ఫేజునీ న్యూట్రల్‌నీ రెండు చేతులతో ఒకేసారి పట్టుకుంటే భూమిలోకి ఏమీ జారదు కాబట్టి ఇదీ పడకపోవచ్చు.

బిగించిన కొత్తలో వానాకాలం రాగానే అది మాటిమాటికీ పడుతుంది. "దీంతో గొడవ, తీసేద్దాం" అని మిస్త్రీ అంటే ఒప్పుకోకండి. ఎక్కడో లీకు ఉందని అది చెబుతోంది. ఎంసీబీలన్నీ దింపి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కొక్క ఎంసీబీ లేపుతూ రండి. ఏది లేపగానే పడిందో మీ కాగితంలో చూడండి. చాలా ఇళ్లలో అది పెరటి లైనే అవుతుంది. దాన్ని దింపేసి ఉంచి, అప్పుడు మిస్త్రీని పిలవండి.

టెస్టరు గురించి రెండు మాటలు. వెలిగితే ప్రమాదం ఉన్నట్టే. వెలగకపోతే ప్రమాదం లేనట్టు కాదు. చెప్పులేసుకుని ఎండు చెక్క మీద నిలబడితే కరెంటున్నా సరిగా వెలగకపోవచ్చు. ఎవరికైనా షాకు కొట్టి పట్టుకుపోతే ముందు మెయిన్ దింపండి, దింపేదాకా ఒంటి మీద చెయ్యి వేయొద్దు, తర్వాత 108కి ఫోను చేయండి. తీగ వీధిలో తెగిపడితే దగ్గరికి పోకుండా, ఎవరినీ పోనివ్వకుండా 1912కి చెప్పండి.

వచ్చే పాఠం ఎర్తు గుంట గురించి. ఈలోగా మెయిన్ దింపి మూడు పనులు చేసి ఉంచండి. దండెం జీఐ తీగ విప్పేసి నైలాను తాడు కట్టండి, అదీ రేకుకి కాదు, చెట్టుకో గుంజకో. నేల మీద, గడ్డిలో పడున్న టేపు అతుకులన్నీ ఎక్కడెక్కడున్నాయో రాసుకోండి. బయట ఉన్న స్విచ్చులు, సాకెట్లు వాన తగిలే చోట ఉంటే వాటి మీద ఐపీ అని (దుమ్మునీ నీటినీ ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు) ఏ అంకె ఉందో చూడండి. చినుకులు తట్టుకోవాలంటే కనీసం 44, నేరుగా జల్లు కొట్టే గోడకైతే 65 ఉండాలి. ఏ అంకే లేనివి లోపలి గోడకి మార్పించాల్సినవి.